ఆవలి ఒడ్డున తాటిచెట్లు

రాధమ్మ శనివారాలు అబద్ధమాడదు. మిగతా ఆరు రోజులు ఆడుతుందని కాదు, అవసరాన్ని బట్టి ఉంటుంది. శనివారం మాత్రం ఆమెకు ఒక్కపొద్దు. పొద్దంతా మంచినీళ్లు, దీపం పెట్టాక ఒక్క పూట తిండి. ఆ తిండి తినేదాకా నోట నిజం తప్ప మరొకటి రాదు. జనగామ బజారులో బట్టల దుకాణం నడిపే ఆమె కొడుకు కైలాసం ఆ రోజు తల్లిని దుకాణం గడప తొక్కనివ్వడు. పదేళ్ల కింద ఒక శనివారం ఎవరో పటేలు భార్య చీర మడత విప్పి మురిసిపోతుంటే, "గిది రెండు ఉతుకులకు రంగు దిగుతది బిడ్డా" అని ఆమె ప్రేమగా చెప్పింది. కైలాసం ఇంకా మరిచిపోలేదు.

కోడలు కస్తూరికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. అందుకే పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో, ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్న రోజుల్లో, అత్తను, మొగుణ్ణి వెంటబెట్టుకుని సముద్రం చూడబోయేటప్పుడు తిరుగు ప్రయాణం ఆదివారం పడేటట్టు, సరిహద్దు దాటే పర్వానాకు ఆరు రోజులు అడిగించింది. గుమాస్తా వేళ్ల మీద లెక్కపెట్టి అయిదు రాసిచ్చాడు. మంగళవారం బయలుదేరాలి, శనివారం మాపటికల్లా మళ్లీ నిజాం సర్కారు నేల మీద కాలు పెట్టాలి. ఇటు నిజాం రాజ్యం, అటు ఇండియన్ యూనియన్. నడుమ పొగ వదులుకుంటూ ఒక రైలు. ఒకే భాష మాట్లాడుకునే వాళ్లు ఆ ఏడాది దేశం కాని దేశానికి పోతున్నట్టే పోయివచ్చారు.

పర్వానాలో "చైత్ర పౌర్ణమికి బందరులో సముద్రస్నానం" అని ఉంది. రాధమ్మ దాన్ని నమ్మింది. కస్తూరి మనసులో మాత్రం బందరు లేదు, బయ్యారం అడవి ఉంది.

ఆమె తమ్ముడు రామచందర్ నిజాం మీద పోరాడే సంఘంలో కలిసి దళంతో ఆ అడవిలో తిరుగుతున్నాడు. మానుకోటలో ఉన్న తల్లిగారింటి నుంచి వచ్చిన తునికిపండ్ల బుట్టలో, ఆకుల అడుగున, అతని చీటీ దొరికింది. "అక్కా, నవ్వకు. మిట్టమధ్యాహ్నం ఎండల కూసోని వణుకుతున్నం. పదకొండు మందికి చలిజ్వరం. ఇద్దరు పోయిండ్రు. నేను లేవలేక పక్కోనితో రాయిస్తున్న. క్వినైన్ గోళీలు కావాలె. బెజవాడల మన డాక్టరు ఇస్తడు. మానుకోట స్టేషన్ల పండ్లమ్మే యాకమ్మ చేతికియ్యి." రామచందర్ చీటీల్లో ఎప్పుడూ అక్షరంతో అక్షరం పోట్లాడుకునేది. ఈ చీటీ అక్షరాలు గుండ్రంగా, బుద్ధిగా ఉన్నాయి. అది చూశాకే కస్తూరికి భయం పట్టుకుంది.

యూనియన్ వాళ్లు మందులు ఇటు రానివ్వడం లేదు. వచ్చినవి పోలీసు క్యాంపులకు పోతున్నాయి. సంచిలో ఇన్ని గోళీలు దొరికితే అడిగేది ఒక్కటే మాట: మీ ఇంట్లో ఇంతమందికి జ్వరమెక్కడిది? అత్తకు చెబితే, అడిగింది శనివారమైతే, ఆమె చెప్పేస్తుంది. అందుకని చెప్పలేదు.

బెజవాడలో దిగగానే వాళ్లకు మొదట ఎదురైంది చెమట. జనగామ ఎండ మనిషిని కాల్చి వదిలేస్తుంది. అక్కడి ఎండ ఉడకబెట్టి, మూత కూడా పెడుతుంది. రాధమ్మ సత్రం అరుగు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటూ, "గాలేమో ఉన్నది, సల్లగ లేదు. నీళ్లేమో ఉన్నయి, దూప తీరది. ఏం దేశమే ఇది" అన్నది.

సత్రం వంటావిడ తోటకూర తరుగుతూ నవ్వింది. "మీ మాట భలేగా ఉంటుందమ్మా. మీరు పిలుస్తున్నారో తిడుతున్నారో మాకు తెలీదు."

"అన్నం పెడితె పిలుసుడు. పెట్టకుంటె తిట్టుడు" అన్నది రాధమ్మ.

ఆ పూట నుంచి వంటావిడ ఆమెకు ముందు వడ్డించేది.

డాక్టరు మొదటి రోజు రేపు రమ్మన్నాడు. రెండో రోజు ఎల్లుండి రమ్మన్నాడు. మద్రాసు నుంచి సరుకు రావాలట. కస్తూరి పొద్దున్నే పోయి, ఎండెక్కాక ముఖం కడుక్కున్నట్టు తడిసి వచ్చేది. అత్త అరుగు మీద మూట సర్దుకుని కూర్చుని ఉండేది.

"సముద్రం?"

"రేపు అత్తమ్మా."

"యాభై మైళ్లేనట కదనే. గీ వంటామె చెప్పింది."

"రేపు తప్పకుండ."

పౌర్ణమి శుక్రవారం వచ్చింది. గోళీలూ ఆనాడే వచ్చాయి, అయిదు వందలు. ఇక బందరు పోయి రావడానికి పర్వానాలో పొద్దు లేదు. కస్తూరి అత్తను కృష్ణ రేవుకు తీసుకుపోయి మూడు మునకలు వేయించి, "ఈ నీళ్లు గూడ ఆఖరికి సముద్రంలనే కలుస్తయి అత్తమ్మా" అని సర్దిచెప్పబోయింది.

"మనమందరం ఆఖరికి బూడిదలనే కలుస్తం. గంతమాత్రాన ఇప్పుడే పొయ్యిల కూసుంటమా" అన్నది అత్త, తల తుడుచుకుంటూ.

అప్పుడే కస్తూరి రాగి చెంబు నిండా కృష్ణ నీళ్లు ముంచింది. సముద్రస్నానానికి పోయినవాళ్లు ఇరుగుపొరుగుకు ఆ నీళ్లు తెచ్చి తలా చుక్క చల్లాలి. వట్టి చేతులతో పోతే జనగామలో మొదటి గంటలోనే గుట్టు బయటపడుతుంది. సత్రానికి వచ్చి గుప్పెడు ఉప్పు వేసింది. ఉప్పు వేసిన చెయ్యి ఊరికే ఉండదు. పన్నెండేళ్ల అలవాటు, చిటికెడు పసుపు కూడా వేసేసింది. వేశాక గాని చూసుకోలేదు. మూతికి గుడ్డ కట్టి మైనం పూసింది.

గోళీలు చిన్నచిన్న పొట్లాలు కట్టి, అత్తగారి బూరుగుదూది దిండు విప్పి, దూది మధ్య పెట్టి కుట్టేసింది. ముసలమ్మ తలకింద దిండును ఎవరు అడుగుతారు?

మిగిలింది మొగుడు. కైలాసం బట్టలమ్మేటప్పుడు ఎంతైనా చెప్పగలడు గాని, గజంబద్ద చేతిలో లేకపోతే నోట మాట రాదు. కస్తూరి వంటావిడ పక్కన కూర్చుని కూర తరిగి ఇస్తూ సముద్రం గురించి ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంది. ఇసుక ఎట్ల ఉంటుంది, పీతలు ఎటు నడుస్తాయి, ఒంటి మీద నీళ్లు ఆరితే ఉప్పు ఎట్ల తెల్లగా తేలుతుంది, అన్నీ. తర్వాత మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అలలు?"

"వస్తయి."

"మల్ల?"

"పోతయి."

"మల్ల?"

"మల్ల వస్తయి. ఎన్నిసార్లు అడుగుతవు కస్తూరి, అవి ఆగుతలేవు నేనేం చెయ్యాలె."

శనివారం మధ్యాహ్నం బండి సరిహద్దు దాటి మొదటి స్టేషన్‌లో ఆగింది. ఆగిన చోట కరోడ్‌గిరి నాకా, నిజాం సర్కారు సుంకం చౌకీ. ప్లాట్‌ఫారం మీద ఇద్దరు రజాకార్లు తుపాకులు భుజాన వేసుకుని వేపనీడలో నిలబడ్డారు. సుంకం అమీన్ డబ్బాలోకి ఎక్కాడు. నడివయసు మనిషి, నెరిసిన మీసాలు, చేతిలో జానెడు దబ్బనం. సంచులు విప్పించి పొద్దు పోగొట్టుకునే రకం కాదు. బియ్యం సంచిలోకి, పరుపుచుట్టలోకి, దేనిలోకైనా దబ్బనం దింపుతాడు. అది ఎక్కడైనా తట్టుకుంటే అప్పుడు కత్తెర తీస్తాడు. ముందు బల్ల మీది ఆసామి దిండులోకి రెండు పోట్లు పొడిచాడు. దూది లేచి గాలిలో ఆడింది.

రాధమ్మ తన దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముఖాన బొట్టు, నోట్లో ఉపవాసం.

"ఏడికెళ్లి వస్తున్నరు సేఠ్?"

"సముద్రం కెళ్లి సాబ్" అన్నాడు కైలాసం. "బందరు. అలలు వస్తయి. పోతయి."

"అడగకముందే చెప్తున్నవు."

"మల్ల వస్తయి."

అమీన్ బల్ల అంచున కూర్చున్నాడు. "నేను బొంబాయిల మూడేండ్లు నౌకరీ చేసిన. సముద్రమంటె నాకు పానం. చెప్పు, ఇసుకెట్లుండె?"

ఇసుక చెప్పాడు. పీతలు చెప్పాడు. ఒంటి మీద ఉప్పు చెప్పాడు. కస్తూరి పక్కకు తిరిగి ఊపిరి పీల్చుకుంది.

"మంచిది. ఆవలి ఒడ్డు కనపడ్డదా?"

పాఠంలో ఈ ప్రశ్న లేదు. సముద్రం పక్కన పుట్టిన వంటావిడకు అది చెప్పాలని తోచదు. మానుకోటలో పుట్టిన కస్తూరికి అది అడగాలని తోచలేదు. కైలాసం పుట్టి బుద్ధెరిగి చూసిన పెద్ద నీళ్లన్నీ చెరువులే. చెరువన్నాక అవతల గట్టుంటుంది.

"కనపడ్డది సాబ్" అన్నాడు. అమీన్ ముఖం చూసి, నమ్మకం చాలలేదేమోనని, "తాటిచెట్లున్నయి" అని కలిపాడు. అప్పటికీ చాలలేదనిపించింది. "ఒక గొల్లాయన మేకల మేపుతుండె."

అమీన్ నవ్వలేదు. దబ్బనాన్ని బొటనవేలి మీద మెల్లగా రాసుకుంటూ లేచి నిలబడ్డాడు.

"సముద్రానికి ఆవలి ఒడ్డు ఏ పాదుషా చూడలే సేఠ్. నువ్వు మేకల సుత చూసినవు." అని రాధమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వు పెద్దమనిషివి. నువ్వు చెప్పు. సముద్రం చూసినవా?"

కస్తూరి కిటికీలోంచి ఆకాశం చూసింది. దీపం పెట్టే వేళకు ఇంకా నాలుగు గంటలు ఉంది. ఆమెకు గుండ్రటి అక్షరాల చీటీ కళ్లముందు మెదిలింది.

"లేదు బిడ్డా" అన్నది రాధమ్మ.

కైలాసం చెవులు ఎర్రబడ్డాయి.

"నాలుగు రోజులు ఆడ కూసున్న. యాభై మైళ్ల దూరంలనే ఉన్నదట. నా కోడలు చూపియ్యలే. పొద్దుగాల పోతది, ఎండ ముదిరినంక వస్తది. యాడికి పోయినవే అంటె రేపు అత్తమ్మా, రేపు అత్తమ్మా. పున్నమి గూడ పాయె. నా ఈడుకు మల్ల పున్నమి వస్తదో రాదో."

అమీన్ ముఖంలో ఏదో మారింది. అనుమానం పోయి దాని జాగాలో అలసట వచ్చింది. ఆ అలసటను కస్తూరి గుర్తుపట్టింది. సాయంత్రం దుకాణం మూసి వచ్చాక, తల్లి ఒక మూల నుంచి, పెళ్లాం ఒక మూల నుంచి మొదలుపెడితే, కైలాసం ముఖంలో కనిపించే అలసటే అది. ఈయనకూ ఇంట్లో ఇద్దరున్నారు.

దారి దొరికింది. కస్తూరి కొంగు నడుముకు దోపింది.

"చూపియ్యలే సాబ్. అయితె ఏంది? నీళ్లే కదా, ఎప్పుడైన చూడొచ్చు. బజార్ల కొత్త బట్టలొచ్చినయంటె చూడబోయిన."

"ఇంట్ల బట్టల దుకాణం పెట్టుకోని బెజవాడల బట్టలు చూడబోయినవా అమ్మా?"

"మా ఇంటి బట్టలు రెండు ఉతుకులకు రంగు దిగుతయి సాబ్. మా అత్తమ్మనే చెప్పింది."

"చెప్పిన" అన్నది రాధమ్మ. నిజం నిజమే.

అమీన్ దబ్బనంతో చెంబును చూపించాడు. "మరి గిదేంది?"

"సముద్రం నీళ్లు" అన్నది కస్తూరి, తగ్గకుండా.

"కృష్ణ నీళ్లు బిడ్డా" అన్నది రాధమ్మ. "నా ముందటనే ముంచింది. ఉప్పు పోసింది. చేతి అలవాటు, పసుపు సుత ఏసింది."

అమీన్ మైనం గీకి గుడ్డ విప్పాడు. లోపల సముద్రం పచ్చగా ఉంది. చిటికెనవేలు ముంచి నాలుకకు రాసుకుని, కళ్లు మూసుకున్నాడు.

"తాలింపు ఒక్కటె తక్కువ" అన్నాడు.

ముందు బల్ల మీది ఆసామి, దూది ఏరుకుంటున్నవాడు, పకపకా నవ్వాడు. డబ్బా అంతా అందుకుంది. అమీన్‌కు ఇప్పుడు కథంతా తెలిసిపోయింది. కోడలు ముసలమ్మకు సముద్రం ఎగ్గొట్టింది. ఊళ్లో గొప్పలకు చెంబులో సముద్రం వండుకుంది. మొగుడికి పాఠం నేర్పింది.

"సేఠ్, గిదంత నడుస్తుంటె నువ్వేం చేసినవు?"

"నేర్చుకున్న సాబ్" అన్నాడు కైలాసం. ఆ రోజు అతను చెప్పిన మొదటి నిజం అది.

అమీన్ నిట్టూర్చాడు. అయినా నౌకరీ నౌకరీయే. దబ్బనం సరిచేసుకుని చెయ్యి చాపాడు. "అవ్వా, జర దిండు."

"తీసుకో నాయినా" అని రాధమ్మ దిండు రెండు చేతులా ఎత్తి ఇవ్వబోయింది. కస్తూరి దిండు అంచు పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "తీసుకోని మంచిగ చూడు. నిన్నటికెళ్లి నా మెడ తిరుగుతలేదు దీనితోని. కోడలు దూదిల ఏమేమో కుక్కింది. చూసి నువ్వే తీర్పు చెప్పు, తప్పు నాదా, దానిదా. మీ ఇంట్ల గూడ కోడలు అత్తకు దిండు గిట్లనే కుడుతదా?"

దబ్బనం గాలిలో ఆగింది.

"మా ఇంట్ల పరుపు అవ్వా" అన్నాడు అమీన్, గొంతు తగ్గించి. "పరుపుల చింతగింజలు పోసి కుట్టిందని మా అమ్మ. పొయ్యలేదని బీబీ. ఏడాదాయె. ఒకరోజు విప్పి చూసిన."

"ఉన్నయా?"

"ఉన్నయని చెప్పినా తప్పే, లేవని చెప్పినా తప్పే. గప్పటికెళ్లి నేను దుకాన్ల నుంచి రొట్టె కొనుక్కోని తింటున్న." దిండును మెల్లగా ఆమె ఒడిలోకే నెట్టాడు. "దిండు పంచాయితీ నా నౌకరీల లేదు. మీది మీరే చూసుకోండ్రి."

దిగబోతూ కైలాసం చేతిలోని పర్వానా లాక్కుని, వెనక ఉర్దూలో రెండు వరుసలు గీకి, మొహరు కొట్టాడు. కస్తూరి వైపు మాత్రం చూడలేదు.

బండి కదిలాక కైలాసం చదివి చెప్పాడు. "పెద్దామెకు సముద్రం చూపించలేదు. మల్లొక్కసారి పర్వానా ఇయ్యవలసింది."

బండి మానుకోటలో ఆగింది. స్టేషన్‌లో తునికిపండ్ల బుట్ట నెత్తిన పెట్టుకుని ఒక సన్నటి మనిషి కిటికీలన్నీ వెతుక్కుంటూ వచ్చింది. యాకమ్మ. అత్త ఒడిలోంచి దిండు ఎట్ల తీయాలా అని కస్తూరి సతమతమవుతుంటే, రాధమ్మే దాన్ని కిటికీలోంచి బయటికి దూర్చింది.

"ఇంద బిడ్డా. దోసెడు పండ్లు పొయ్యి, దిండు తీసుకపో. తలకింద పెట్టుకునేటట్టు లేదు గని, చలిజ్వరమొచ్చినోళ్లకు పనికొస్తది. రామచందర్‌ను అడిగినన్నని చెప్పు."

యాకమ్మ దోసెడు పండ్లు పోసి, దిండును చంకలో పెట్టుకుని జనంలో కలిసిపోయింది. కస్తూరి అత్త వైపు తిరిగింది.

"నీకెట్లెరుక అత్తమ్మా?"

"గా దేశం చెమటలు మామూలువానే? రాత్రి దిండు తడిసింది, పొట్లం తడిసింది, నా మూతికి చేదు తగిలింది. చిన్నప్పుడు మా నాయినకు చలిజ్వరమొస్తె గా గోళీలు నేనే నూరిపోస్తుంటి. గా చేదు మరిచిపోతనా? అడవిల నీ తమ్ముడు, పండ్ల బుట్ట వచ్చినకెళ్లి నీకు నిద్ర లేదు, ఇంక చెప్పాల్నా?"

"తెలిసి గూడ అమీన్‌ను తీసుకొమ్మన్నవా?"

"దాచిపెడితె గుంజుకుంటరు. తీసుకో, తీర్పు చెప్పు అంటె ఎవడు తీసుకుంటడు?" రాధమ్మ ఒక తునికిపండు వాసన చూసి, ఇంకా దీపం వేళ కాలేదని గుర్తొచ్చి కొంగున కట్టుకుంది. "ఇంగొకటి. వాడు దిండుల ఏమున్నదవ్వా అని అడిగితె చెప్తుంటి. శనివారమాయె. అడగలే."

"కోపం పోయిందా మరి?"

"గోళీల మీద కోపమెందుకే. సముద్రం మీద ఉన్నది. గది ఉత్తగ అన్నది కాదు."

మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఇరుగుపొరుగు ఆడవాళ్లు చెంబు చుట్టూ చేరారు. రాధమ్మ పీట వేసుకుని కూర్చుని, అందరి నెత్తినా చుక్క చల్లి, సముద్రం మొదలుపెట్టింది. పొద్దు నీళ్లలోంచి తడితడిగా ఎట్ల లేస్తుందో చెప్పింది. అల వచ్చి ముసలిదానినని కూడా చూడకుండా చీర గుంజిందని చెప్పింది. నీళ్లు పసుపురంగులో ఉన్నాయేమని ఒకామె అడిగితే, అన్ని వేలమంది ముత్తైదువులు పసుపు కాళ్లతో దిగితే ఉండవా అన్నది. కస్తూరి గుమ్మానికి ఆనుకుని నోరెళ్లబెట్టి విన్నది.

"ఆవలి ఒడ్డు కనపడ్డదా అత్తా?" అని అడిగింది పక్కింటి చంద్రమ్మ.

"సముద్రానికి ఆవలి ఒడ్డేందే, పిచ్చిదానా" అని రాధమ్మ కొడుకు వైపు చూసింది. కైలాసం గజంబద్ద తీసుకుని దుకాణానికి పోయాడు.

మూడు వారాల తర్వాత మరో పండ్ల బుట్ట వచ్చింది. అడుగున చీటీ. అక్షరాలు మళ్లీ ఒకదాంతో ఒకటి కొట్లాడుకుంటున్నాయి. కస్తూరి ముందు వాటినే చూసింది, మాటలు తర్వాత చదివింది. "అక్కా, లేచిన. అందరం లేచినం. దిండు సుత మంచిగున్నది, వంతులవారీగ పండుకుంటున్నం. ఇగ గాయాల మందు అయిపోయింది."

కస్తూరి పెట్టె తెరిచి, మొహరు కొట్టిన పర్వానా తీసి మడత విప్పింది. అత్త వాకిట్లో మామిడికాయలు తుడుస్తోంది.

"అత్తమ్మా, సముద్రానికి పోదమా?"

రాధమ్మ తల ఎత్తలేదు. "నిజం సముద్రమేనా?"

"నిజం సముద్రమే. ముందుగాల బందరు, ఎనకనే బెజవాడ."

"తిరుగుడెప్పుడు?"

"శనివారం."

రాధమ్మ చేతిలో కాయను అటూ ఇటూ తిప్పి చూసింది. "సముద్రం చూసినంక, అమీన్ అడిగితె చూసిననే చెప్పాలె. ఇగ దేని మీద మొత్తుకోవాలె నేను?"

"ఏదో ఒక నిజం దొరకకపోదు అత్తమ్మా" అన్నది కస్తూరి. "నాలుగు రోజులు నేను నీ పక్కన్నే ఉంట కదా."